తారల లోహపు పద్దు
(ప్రసంగ పాఠము)



జంషెడ్‌పూరు నగరమున రేయింబవళ్లు ఎడతెగక సాగు పని యొకటి కలదు. కొలిమినుండి వెలువడిన ప్రతి హీటు నుండియు చిన్న నమూనా తీసి, అందు కర్బన మెంత, మాంగనీసు ఎంత, భాస్వర గంధకము లెంత అని లెక్క తేల్చుటయే ఆ పని. ఆ లెక్క వచ్చినగాని ఉక్కు ముందుకు కదలదు. భాస్వరము మితిమీరిన ఉక్కు చలికి పెళుసగును. గంధకము మితిమీరిన ఉక్కు ఎఱ్ఱగా కాచి సాగదీయునపుడు బీటలు వారును. 1912లో ఇచ్చటి కర్మాగారమున తొలి ఉక్కు దిమ్మ పోతపోసిన నాటినుండి నేటివరకు పద్ధతులు మారినవి గాని, ఈ లెక్క యొక్క అవసరము మారలేదు. 1950 నవంబరు 26వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనాలయమును ఈ నగరముననే వెలసినది. కావున ఒక వస్తువులో ఏ మూలద్రవ్యము ఎంత కలదో తెలియుట యెంత ముఖ్యమో ఈ యూరివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అదే లెక్కను ఆకాశముననున్న నక్షత్రములకును కట్టి, ఒక్కొక్క తారకు ఒక్కొక్క పద్దు వ్రాసి, ఆ పద్దులను గ్రంథములుగా కూర్చినవారు కలరు. వారి కృషి యెట్టిది, అందలి చిక్కు లెట్టివి, దానివలన లోకమునకు తెలిసిన దేమి అనునది ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా ఒక సందేహమును తీర్చవలెను. ఉక్కునుండి నమూనా తీయవచ్చును. నక్షత్రమునుండి తీయుట యెట్లు? తీయనక్కఱలేదు. నేడు ఉక్కు కర్మాగారములలో సైతము నమూనాను ఆమ్లములో కరిగించి తూచు పాత పద్ధతి చాలవఱకు వెనుకబడినది. నమూనా పైన విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టింతురు. ఆ రవ్వ వెలుగును వర్ణపటముగా విడదీయుదురు. ఇనుముగాని, మాంగనీసుగాని, క్రోమియముగాని, ఆవిరియై వెలిగినపుడు ఒక్కొక్కటి తనకే చెల్లిన రంగుగీతలను ఇచ్చును. గీతను బట్టి మూలద్రవ్యము తెలియును; గీత బలమును బట్టి దాని పాలు తెలియును. కొలది నిమిషములలో ఫలితము కొలిమివానికి చేరును. నక్షత్రము విషయమునను ఇదియే మార్గము. అయితే అచ్చట రవ్వను పుట్టింపవలసిన పని లేదు, తార తానే వెలుగుచున్నది. దాని లోపలి కాంతి పై పొరలగుండ వచ్చునపుడు అచ్చటి ఆవిరులు తమ తమ రంగులను మ్రింగివేయును. అందుచేత తారల వర్ణపటమున వెలుగు గీతలకు బదులు నల్లని గీతలు కానవచ్చును.

ఈ నల్లగీతలను సూర్యుని వెలుగులో 1814 ప్రాంతమున ఫ్రాన్‌హోఫర్ అను జర్మను అద్దముల శిల్పి శ్రద్ధతో గుర్తించి అయిదువందలకు పైగా లెక్కించెను. అవి యెందుకు కలుగుచున్నవో అతనికి తెలియదు. 1859లో హైడెల్‌బర్గు నగరమున కిర్కాఫ్, బున్సెన్ అను పండితు లిద్దరును దాని రహస్యమును విప్పిరి. ఏ ఆవిరి ఏ రంగును వెదజల్లునో, ఆ రంగునే అది మ్రింగునని వారు నిరూపించిరి. ఉప్పును మంటలో వేసిన కలుగు పసుపు వెలుగు యొక్క చోటనే సూర్యుని వర్ణపటమున నల్లగీత యుండుటచే, సూర్యునియందు సోడియము కలదని తేలెను. ఇనుము ఉండుటయు అట్లే తేలెను.

ఈ చరిత్రలో తెలుగు నేలకు ఘనమైన స్థానము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు వర్ణపటదర్శినిని వెంటగొని గుంటూరునకు వచ్చి నిలిచెను. బ్రిటిషు ప్రభుత్వము పక్షమున టెనెంట్ బృందమును అచ్చటనే యుండెను. మదరాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్టణమున పరిశీలించెను. గ్రహణవేళ సూర్యుని అంచున ఎగసిన మంటలలో వెలుగు గీతలు కనబడెను. ఆ మంటలు చాలవఱకు ఉదజని, అనగా హైడ్రొజను వాయువని తెలిసెను. ఆ గీతల కాంతిని చూచిన జాన్సెన్, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని తలచి, మఱునాడే గుంటూరున చూచి చూపెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున లాక్యరును స్వతంత్రముగా అదే పద్ధతిని సాధించెను. సోడియము గీతలకు దగ్గఱగా, కాని వానితో కలియక, నిలిచిన ఒక పసుపు గీత భూమిపై నెఱిగిన ఏ ద్రవ్యమునకును చెందనిదని లాక్యరు వాదించెను. దానికి గ్రీకు భాషలోని సూర్యుని పేరిట హీలియమని నామకరణము జరిగెను. 1895లో రామ్సే ఒక ఖనిజమునుండి ఆ వాయువును వెలికితీయు వఱకు అది సూర్యునియందు మాత్రమే యున్నట్టి ద్రవ్యము. గుంటూరు ప్రజలు ఆ దినమున గ్రహణస్నానములు చేయుచుండగా, ఆ యూరి ఆకాశముననే విశ్వమున రెండవ స్థానము వహించు మూలద్రవ్యపు జాడ మెఱసినది.

ఇక పట్టికల మాట. తారల పట్టికలు ప్రాచీనములే. అయితే అవి తార యెచ్చట నున్నది, ఎంత వెలుగుచున్నది అను రెండు విషయములనే చెప్పెడివి. 1887లో పారిస్ నగరమున దేశదేశముల వేధశాలలు కలిసి ఆకాశమంతయు ఛాయాచిత్రములు తీసి తారల స్థానములను నమోదు చేయుటకు పూనుకొన్నవి. హైదరాబాదులోని నిజామియా వేధశాల ఆ మహాకార్యమున భాగము పంచుకొని, చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ గార్ల నాయకత్వమున దశాబ్దముల తరబడి శ్రమించి పన్నెండు సంపుటములను ప్రకటించెను. లక్షల కొలది తారల చోటులు అందున్నవి. ఆ సంపుటముల వెనుక నున్నది ఛాయాఫలకముపై చుక్క వెంట చుక్కను కొలిచిన గుమాస్తాల, సహాయకుల కంటిచూపు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక సహాయకుని కుమారుడే తరువాతి కాలమున భారత ఖగోళశాస్త్రమునకు కొత్త దారి చూపిన వైణు బాప్పు. హైదరాబాదున పెరిగి, విదేశమున విద్య ముగించి, 1960లో కొడైకెనాలు వేధశాల భారము స్వీకరించి, తమిళనాడులోని కావలూరున కొత్త వేధశాలను ఆయన నెలకొల్పెను. ఆయన 1982లో కన్నుమూసెను. ఆయన తలపెట్టిన రెండు మీటర్లకు పైబడిన దూరదర్శిని 1986లో ఆయన పేరిటనే ప్రారంభమయ్యెను.

స్థానమును తెలుపు పట్టిక వేఱు, స్వభావమును తెలుపు పట్టిక వేఱు. రెండవ దానికి పునాది అమెరికాలోని హార్వర్డు వేధశాలలో పడినది. ఆనీ జంప్ కానన్ అను విదుషి 1918 మొదలు 1924 వఱకు వెలువడిన తొమ్మిది సంపుటములలో రెండు లక్షల ఇరువదియైదు వేల తారలకు పైగా వర్ణపటములను చూచి వర్గములుగా విభజించెను. ఆమెకు వినికిడి చాలవఱకు లేదు. కంటితోనే ఆమె ఆ మహాయజ్ఞమును నడపెను. కాని ఆ వర్గముల అర్థ మేమి? ఒక తారలో ఉదజని గీతలు గాఢముగా నున్నవి; మఱియొక తారలో ఖటికము, అనగా కాల్షియము గీతలు గాఢముగా నున్నవి. మొదటి తార ఉదజనితోను, రెండవది ఖటికముతోను నిండినవని అనుకొనుట సహజము.

అట్లు కాదని చూపినవాడు భారతీయుడు. కలకత్తాలో పనిచేయుచున్న మేఘనాథ సాహా 1920లో తన అయనీకరణ సూత్రమును ప్రకటించెను. వేడి పెరిగినకొలది పరమాణువులు తమ ఎలక్ట్రానులను కోల్పోవును; కోల్పోయిన పరమాణువు వేఱు గీతల నిచ్చును. కావున గీత గాఢముగా నుండుటకు ద్రవ్యము హెచ్చుగా నుండుట మాత్రమే కారణము కాదు, ఉష్ణోగ్రత, పీడనములు ముఖ్య కారణములు. ఈ సూత్రమును చేతబట్టి, 1925లో సెసీలియా పేన్ అను యువతి హార్వర్డున తన సిద్ధాంత గ్రంథమున లెక్కలు కట్టగా, తారలలో ఉదజని తక్కిన వానికంటె అత్యధికమని, లోహములకంటె లక్షల రెట్లు హెచ్చని తేలెను. ఆనాటి పెద్దలు సూర్యుడును భూమివంటి ద్రవ్యములతోనే కూడినవాడని నమ్మియుండిరి. హెన్రీ నారిస్ రస్సెల్ అంతటి పండితుడు ఇది అసంభవమనగా, ఆమె తన గ్రంథముననే ఆ ఫలితము నిజము కాకపోవచ్చునని వ్రాయవలసివచ్చెను. 1929లో రస్సెలే వేఱు మార్గమున లెక్కించి అదే నిర్ణయమునకు వచ్చెను. పెద్దల మాట ఎంతటిదైనను, సరిగా కట్టిన లెక్కకు చివరకు తలవంచక తప్పదని ఈ కథ తెలుపుచున్నది.

ఇప్పుడు ఇనుము దగ్గఱకు రావలసియున్నది. సూర్యుని తూకములో సుమారు నూటికి డెబ్బదినాలుగు పాళ్లు ఉదజని, ఇరువదియైదు పాళ్లు హీలియము. తక్కిన సమస్త ద్రవ్యములును కలిపి నూటికి ఒకటిన్నర పాలు మించవు. ఖగోళశాస్త్రజ్ఞులు హీలియమునకు మించి బరువైన ప్రతి ద్రవ్యమును లోహమనియే పిలుతురు. ఆమ్లజనిని, కర్బనమును లోహములన్నచో జంషెడ్‌పూరు కార్మికుడు నవ్వును. కాని వారి పరిభాష అట్టిది. ఆ లోహములన్నిటికిని ప్రతినిధిగా వా రెన్నుకొన్నది ఇనుమును. ఇనుము సూర్యుని వర్ణపటమున వేలకొలది గీతలను గీచును. గీతలు హెచ్చైనకొలది కొలతకు సాక్ష్యములు హెచ్చగును. సూర్యునియందు లక్ష ఉదజని పరమాణువులకు సుమారు మూడు ఇనుప పరమాణువులు కలవు. ఇతర తారల ఇనుమును ఈ నిష్పత్తితో పోల్చి చెప్పుదురు. సూర్యునితో సమానమైన తారకు సున్న. పదవవంతు కలదానికి ఋణము ఒకటి. నూఱవవంతు కలదానికి ఋణము రెండు. ఇదియే తారల పద్దులో మొదటి గడి.

తెలుగువారు నిత్యము పేర్కొను నక్షత్రములలో స్వాతికి సూర్యుని ఇనుములో మూడింట ఒక పాలు మాత్రమే కలదు. రోహిణికి సగము కంటె కొంచెము తక్కువ. పంచాంగమున సమానముగా వరుసదీరిన నక్షత్రములు లోహపు పద్దులో ఇట్లు వేఱువేఱు స్థానములను పొందుచున్నవి.

ఒక్కొక్క తారను ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు కొలిచి ఒక్కొక్క పత్రికలో ప్రకటించుచుండగా, వానినన్నిటిని ఒకచోట చేర్చు పనిని కేరెల్ ద స్ట్రోబెల్ అను విదుషి పారిస్ వేధశాలనుండి సాగించెను. 1997లో ప్రకటితమైన ఆమె బృందపు పట్టికలో 3247 తారలకు 5946 కొలతలు కలవు. 2010లో సూబిరాన్ బృందము ఆ పట్టికకు వారసురాలైన పాస్టెల్ పట్టికను వెలువరింపగా, అందు 16649 తారలకు 30151 కొలతలు చేరినవి. 2014లో నటలీ హింకెల్ బృందము ప్రాచీన అలెగ్జాండ్రియా విదుషి హైపేషియా పేరిట మఱియొక పట్టికను కూర్చినది. సూర్యునికి సుమారు 500 కాంతి సంవత్సరముల లోపలనున్న 3058 తారలకు ఇనుము మాత్రమే గాక 50 మూలద్రవ్యముల పాళ్లు అందు చేర్చబడినవి.

కొలతల సంఖ్య తారల సంఖ్యకంటె హెచ్చుగా నుండుట గమనింపదగినది. ఒకే తారను పలువురు కొలిచిరి. అసలు చిక్కు ఇచ్చటనే కలదు. ఒకే తారకు ఒకే ద్రవ్యమున పలువురు చెప్పిన పాళ్లు ఒండొంటితో కలియవు. ఒక్కొక్కరు చెప్పుకొన్న పొరపాటు హద్దునకు మించి భేదము కనబడుచుండును. ఒకరు ఎన్నుకొన్న గీతలు వేఱు, ఒకరు తలచిన ఉష్ణోగ్రత వేఱు, ఒకరు వాడిన వాతావరణ నమూనా వేఱు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకరు పోల్చుకొన్న సూర్యుడే వేఱు.

ఈ మాట వింతగా తోచవచ్చును. సూర్యు డొక్కడే గదా! సూర్యు డొక్కడే గాని సూర్యుని పద్దు కాలక్రమమున మారినది. 1989లో ప్రామాణికముగా స్వీకరించిన పట్టిక ప్రకారము సూర్యునియందు లక్ష ఉదజని పరమాణువులకు ఆమ్లజని పరమాణువులు సుమారు 85. 2009 నాటి పట్టికలో అవి 49 మాత్రమే. ఇనుము సైతము సుమారు 5 నుండి 3కు దిగెను. సూర్యునిలో ఏ మార్పును రాలేదు. కొలిచెడి విద్య మారినది. మొదటి సూర్యునితో పోల్చిన తారను, రెండవ సూర్యునితో పోల్చిన తారను ఒకే పుటలో ప్రక్కప్రక్కన వ్రాసినచో, లేని భేదము ఉన్నట్లును, ఉన్న భేదము లేనట్లును కనబడును. అందుచేత హైపేషియా పట్టికను కూర్చినవారు మొదట ప్రతి కొలతను విప్పి, అందు వాడిన సూర్యుని తొలగించి, అన్నిటికిని ఒకే సూర్యుని నిలిపి తిరుగ లెక్కించిరి. అప్పటికిని భేదములు పూర్తిగా పోలేదు. పోలేదని దాచక ప్రకటించుటయే వారి పట్టికకు విలువ.

ఉక్కు పరీక్షాశాలలో ఈ చిక్కును ఎట్లు తీర్తురో ఇచ్చటివారికి తెలియును. పాళ్లు ముందే నిశ్చయముగా తెలిసిన ప్రామాణిక నమూనాను యంత్రమున నుంచి, యంత్రము సరియైన అంకె చెప్పుచున్నదా అని చూతురు. చెప్పనిచో యంత్రమును సరిదిద్దుదురు. ఖగోళశాస్త్రజ్ఞులును ఇటీవల ఇదే దారి పట్టిరి. గీతలతో సంబంధము లేని మార్గములచే, అనగా తార యొక్క వ్యాసము, దూరము మున్నగువాని చేత, ఉష్ణోగ్రతాదులు నిశ్చయింపబడిన 34 తారలను ప్రామాణికములుగా నేర్పరచిరి. సూర్యుడు, స్వాతి, రోహిణి, పునర్వసు జంటలో నొకటియైన పొలక్సు అందు కలవు. క్రొత్త పద్ధతి యేది వచ్చినను ముందుగా ఈ తారలపై పరీక్షింపవలెను.

ఒకే గడి గల పద్దు మోసపుచ్చుననుటకు భారతీయుల పరిశోధనలోనే నిదర్శనము కలదు. భారత ఖభౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు, అమెరికాలోని డేవిడ్ లాంబర్టుతో కలిసి ఉత్తర కిరీట మండలమునందలి ఆర్ అను తార వర్గమును దీర్ఘకాలము పరిశోధించెను. ఈ తారలలో ఉదజని మిక్కిలి కొఱత. ఉదజనితో పోల్చి ఇనుమును చెప్పు వాడుక వీనికి చెల్లదు. చెల్లించినచో ఇనుము పొంగిపొరలుచున్నట్లు తప్పుగా తోచును. కావున అంకెతోబాటు ఆ అంకె దేనితో పోల్చి వచ్చినదో చూడనివాడు పద్దు చదువనివానితో సమానుడు.

ఇంత శ్రమపడి సాధించిన దేమి? విశ్వము పుట్టినపుడు ఉదజని, హీలియము, లేశమాత్రము లిథియము తప్ప వేఱు ద్రవ్యము లేదు. తక్కినవానిని చాలవఱకు నక్షత్రములే వండినవి. భారీ నక్షత్రములు కొలది కోట్ల సంవత్సరముల లోపలనే పేలి ఆమ్లజనిని, మెగ్నీషియమును హెచ్చుగా వెదజల్లును. మఱియొక జాతి పేలుడు చాల ఆలస్యముగా కలిగి ఇనుమును హెచ్చుగా నిచ్చును. కాబట్టి ఇనుముతో పోల్చి మెగ్నీషియ మెంత కలదో చూచినచో ఆ తార పుట్టిన చోట ద్రవ్యము ఎంత వేగముగా తయారయ్యెనో తెలియును. బి. ఈశ్వర్ రెడ్డి, లాంబర్టు మున్నగువారు టెక్సాసులోని మెక్‌డొనాల్డు వేధశాలనుండి 2003లో 181 తారలకు 27 మూలద్రవ్యముల పాళ్లను ప్రకటించిరి. 2006లో పాలపుంత యొక్క దళసరి బిళ్లకు చెందినవని తలచిన 176 తారలను పరిశీలించిరి. ఇనుము సమానముగా నున్నను ఈ తారలలో మెగ్నీషియము, సిలికాను, ఖటికము మున్నగునవి ఎక్కువ. అనగా అవి త్వరత్వరగా, పాలపుంత యౌవనమున, రెండవ జాతి పేలుళ్లు ముమ్మరము కాకముందే పుట్టినవి.

2005లో ఫిషర్, వలెంటీ అనువారు వెయ్యికి పైబడిన తారల పద్దును చూచి, ఇనుము హెచ్చుగా గల తారలకు గురుగ్రహమువంటి పెద్ద గ్రహములు ఉండు అవకాశము హెచ్చని నిశ్చయించిరి. 2014లో ఆస్ట్రేలియా పండితులు ప్రకటించిన ఒక తారలో ఇనుప గీత యొక్కటియైనను కనబడలేదు. అందలి ఇనుము సూర్యునిలో కోటింట ఒక పాలునకు లోపలనే యుండవలెను. అది మొట్టమొదటి నక్షత్రముల బూడిదనుండి పుట్టిన తారగా భావింపబడుచున్నది.

ఇప్పుడు పద్దులు మనుష్యుని చేతినుండి యంత్రముల చేతికి పోయినవి. 2021 నాటికి అమెరికాలోని అపోజీ యోజన ఆరున్నర లక్షల తారలను, 2024 నాటికి ఆస్ట్రేలియాలోని గాలా యోజన తొమ్మిది లక్షలకు పైగా తారలను నమోదు చేసినవి. ఐరోపావారి గాయా ఉపగ్రహపు 2022 నాటి ప్రకటనలో సుమారు 56 లక్షల తారల వివరములు కలవు. లక్షలు కోట్లగు వేళ పొరపాటును కనిపెట్టు కన్ను తక్కువగును. అందుచేత ముప్పదినాలుగు ప్రామాణిక తారల విలువ తగ్గుటకు మారుగా పెరుగుచున్నది.

గోరుమహిసాని, నొవాముండి కొండలనుండి వచ్చిన ఇనుపరాయి ఈ నగరమునకు జీవనాధారమైనది. ఆ ఇనుములో ప్రతి పరమాణువును సూర్యుడు పుట్టుటకు పూర్వమే, అనగా 460 కోట్ల సంవత్సరములకు వెనుకనే, ఏదో ఒక తార గర్భమునగాని, తార పేలుటవలనగాని తయారైనదే. రైలు పట్టాలోని ఇనుమును, ఆ పట్టాను మోయు కార్మికుని నెత్తురులోని ఇనుమును ఒకే వంశమునకు చెందినవి. ఆ వంశచరిత్రయే తారల పద్దు.

సభలోని వారు పలువురు ప్రభుత్వ కార్యాలయములలో పద్దులు, దస్తావేజులు భద్రపఱచువారు. అంకె యొక్కటే వ్రాసి, అది ఎవరు, ఎపుడు, ఏ కొలబద్దతో కొలిచిరో వ్రాయని రిజిస్టరు ముప్పది యేండ్ల తరువాత చేపట్టినవానికి అక్కఱకు రాదని వారికి అనుభవమే. నక్షత్రశాస్త్రమును అదే నేర్చుకొన్నది. నేటి అంకె రేపు మారవచ్చును, సూర్యుని అంకెయే మారినది. కొలబద్ద పేరు ప్రక్కన వ్రాసియున్నచో, వెనుకటివారి శ్రమ వ్యర్థము కాక ముందటివారు దానిని సరిదిద్దుకొని వాడుకొందురు. నిజామియా వేధశాల గుమాస్తాలు కొలిచిన చుక్కలు నేటికిని తారల కదలికను తెలుసుకొనుటకు ఉపకరించుట కదే కారణము. ఈ నగరమునందలి తెలుగు బిడ్డలలో లోహశాస్త్రము చదువువారు, వర్ణపటమును చూచువారు ఏటేట పెరుగుచున్నారు. ఉక్కు రవ్వను చదువ నేర్చిన కంటికి ఆకాశమును చదువుట దూరమైన విద్య కాదని వారికి తెలియజేయుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.